కేట్ బుష్ ‘ఏరియల్’: తల్లి పోయాక, తల్లయ్యాక వచ్చిన ఆల్బమ్. ఒక వాయిస్ ట్రైనర్ కేస్ స్టడీ

పాడటం ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్లతో పనిచేయడం నా వృత్తిలో పెద్ద భాగం. నేను వాయిస్ ట్రైనర్‌ని. స్టూడియోలో వాళ్ల రికార్డింగ్ కూడా దగ్గరుండి చేయిస్తాను. కొందరు కాన్పు తర్వాత వస్తారు, కొందరు ఇంట్లో ఎవరో పోయాక వస్తారు. రెండూ ఒకదాని వెంట ఒకటి మీద పడ్డవాళ్లూ ఉంటారు. అందరూ అడిగేది ఒకటే: “నా గొంతు మళ్ళీ మునుపటిలా అవుతుందా?”

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను వినిపించే ఆల్బమ్ ఒకటుంది. ఇంగ్లండ్ గాయని కేట్ బుష్ 2005లో తెచ్చిన ‘ఏరియల్’. 12 ఏళ్ల మౌనం తర్వాత వచ్చిన రెండు సీడీల ఆల్బమ్. ఆ మౌనానికి కాస్త ముందు ఆమె తల్లి మరణం ఉంది, దాని నడుమ కొడుకు పుట్టుక ఉంది. దాన్ని ఇక్కడ ఒక కేసుగా రాస్తున్నాను. ఆమె గురించి చెప్పేవన్నీ బయటికి తెలిసినవీ, రికార్డులో ఎవరైనా వినగలిగినవీ. శరీరం గురించి, గొంతు గురించి చెప్పేవి నా క్లాసుల్లో చూసినవి.

ఆగిపోకముందు

కేట్ బుష్ 1958లో కెంట్ ప్రాంతంలోని బెక్స్‌లీహీత్‌లో పుట్టింది. తండ్రి డాక్టరు. తల్లి హానా ఐర్లండ్ నుంచి వచ్చిన నర్సు. 1978లో, 19 ఏళ్లకే, తొలి సింగిల్‌తో బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. సొంతంగా రాసుకున్న పాటతో అక్కడ ఆ స్థానానికి చేరిన మొదటి మహిళ ఆమే. ఆ తొలి రికార్డుల్లో గొంతు ఎక్కువగా తారస్థాయిలోనే తిరుగుతుంది. 1979లో ఒకే ఒక్క టూర్ చేసి, ఆ తర్వాత టూర్ల జోలికి పోలేదు. 1982 నుంచి తన ఆల్బమ్‌లకి తానే ప్రొడ్యూసర్. 1985లో ‘హౌండ్స్ ఆఫ్ లవ్’ వచ్చేనాటికి సొంత స్టూడియో కూడా కట్టుకుంది.

సొంత స్టూడియో, సొంత ప్రొడక్షన్. ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఈ కేసు మొత్తం వాటి మీదే నిలబడింది.

1989లో ఆమె గిటారిస్ట్ అలన్ మర్ఫీ ఎయిడ్స్ సంబంధమైన జబ్బుతో పోయాడు. 1992 ఫిబ్రవరిలో తల్లి పోయింది. ఏళ్ల తరబడి జీవితంలోనూ పనిలోనూ తోడుగా ఉన్న బేస్ గిటారిస్ట్, ఇంజనీర్ డెల్ పామర్‌తో అనుబంధం కూడా దాదాపు ఆ రోజుల్లోనే తెగిపోయింది. స్నేహం, పని మాత్రం తెగలేదు.

ఇన్ని జరుగుతుండగానే ఆమె ‘ద రెడ్ షూస్’ పూర్తిచేసింది. 1993 నవంబర్‌లో వచ్చింది, చార్టుల్లో రెండో స్థానానికి వెళ్లింది. దానితోపాటు ఒక చిన్న సినిమా కూడా తీసి, తానే నటించింది. ఆ ఆల్బమ్‌లోని ‘మూమెంట్స్ ఆఫ్ ప్లెజర్’ అనే పాట పోయిన స్నేహితుల పేర్లు వరసగా తలుచుకుంటుంది. తల్లి బతికుండగానే రాసిన పాట అది. తల్లి తరచూ అనే ఒక సామెతలాంటి మాట కూడా అందులో ఉంది. సంగీతకారుడు మైకేల్ కేమెన్ కూర్చిన ఆర్కెస్ట్రా వెనకాల ఉప్పొంగుతుంటే ఆమె పూర్తి గొంతుతో పాడుతుంది. నాకు ఇష్టమైన పాటే. కానీ ట్రైనర్‌గా వింటే, ఆ పల్లవిలో గొంతు దుఃఖంతో పెనుగులాడటం వినిపిస్తుంది. ఆ పెనుగులాటే దాని అందం అనేవాళ్లున్నారు. నేను మాత్రం అక్కడ అలసట ఎక్కువ వింటాను.

ఆ తర్వాత ఒక ఏడాది విశ్రాంతి తీసుకుందామనుకుంది. అది పన్నెండేళ్లయింది.

ఖాళీ అనిపించిన కాలం

మన ఇళ్లలో తల్లో తండ్రో పోతే ఏటిసూతకం పాటిస్తారు. ఏడాదిపాటు పండగల్లేవు, శుభకార్యాల్లేవు. పాడే కుటుంబాల్లో కొందరు కచేరీలు కూడా ఒప్పుకోరు. అలాగే బాలింతకి చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి, పత్యం పెట్టి కొన్నాళ్లు పక్కన కూర్చోబెడతారు. వీటిలో ఏది శాస్త్రం, ఏది ఆచారం అన్న వాదన ఈ వ్యాసానికి అక్కర్లేదు. వృత్తిపరంగా నాకు నచ్చేది ఒక్కటే: ఈ రెండు సందర్భాల్లో మనిషిని పని అడక్కూడదన్న ఒప్పందం ఊరందరికీ ఉండేది. ఇప్పుడు గాయనికి ఆ ఒప్పందం ఇచ్చేవాళ్లు లేరు. సంతాపం తెలిపిన నోటితోనే “డేట్స్ ఎప్పుడిస్తారు మేడమ్?” అంటారు.

కేట్ బుష్ ఆ ఒప్పందాన్ని తనకి తానే రాసుకుంది. 1996, 97 ప్రాంతంలో ‘కింగ్ ఆఫ్ ద మౌంటెన్’ అనే పాట తయారైంది. దాన్ని పట్టుకుని ఆల్బమ్‌కి పరుగెత్తలేదు. 1998లో ఆమెకి, గిటారిస్ట్ డానీ మెకింటోష్‌కి కొడుకు పుట్టాడు. పేరు ఆల్బర్ట్, ముద్దుగా బర్టీ. ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలియడానికే రెండేళ్లు పట్టింది. ఈలోపు పత్రికలు రకరకాలుగా రాశాయి: కోటలాంటి ఇంట్లో దాక్కుందని, మతి చలించిందని. పిల్లాణ్ణి పెంచుకుంటున్న ఆడమనిషి గురించి ఇంత మర్మం అల్లారంటే, ఒక ఆడమనిషి ఇంట్లో ఉండి తన పని తాను చేసుకోవడం బయటివాళ్లకి ఎంత అర్థంకాని విషయమో తెలుస్తుంది.

తర్వాత ఇంటర్వ్యూల్లో ఆమె చెప్పిన మాటల సారం ఇది: పిల్లాడి దగ్గర ఉండాలనుకుంది, పని ఆ తర్వాతే. స్టూడియో ఇంట్లోనే ఉంది కాబట్టి దొరికిన సమయంలో కొంచెం కొంచెంగా చేసింది. పాత ఆల్బమ్‌ల నాటిలా రాత్రి తెల్లవార్లూ స్టూడియోలో కూర్చోవడం కుదిరేది కాదు.

నా దృష్టిలో ‘ఏరియల్’ రూపం ఇక్కడే తయారైంది. దుఃఖం, మాతృత్వం ఆల్బమ్‌కి విషయాలుగా రావడం కన్నా ముందు, దాని పనిగంటలు మార్చేశాయి. కొంచెం కొంచెంగా చేస్తే పాటలు విడివిడిగా, ఒక్కొక్కటి ఒక్కో గదిలో ఉన్నట్టు తయారవుతాయి. మొదటి సీడీలోని ఏడు పాటలూ అలాగే ఉంటాయి. రెండింటికి పియానో తప్ప ఏ వాయిద్యమూ లేదు, ఒకదానికి పదహారో శతాబ్దపు వాయిద్యాలు, ఇంకొకదానికి పూర్తి రాక్ బ్యాండ్. పంచుకున్న ధ్వని దాదాపు లేదు. ఒకే ఇంట్లో ఒకే మనిషి వేర్వేరు పూటల్లో చేసిన పనిలా వినిపిస్తుంది.

రికార్డులో ఏముంది

2005 అక్టోబర్ 24న ‘కింగ్ ఆఫ్ ద మౌంటెన్’ సింగిల్‌గా వచ్చి బ్రిటన్‌లో నాలుగో స్థానానికి వెళ్లింది. నవంబర్ 7న ఆల్బమ్ వచ్చి మూడో స్థానానికి వెళ్లింది, తర్వాత అమ్మకాల్లో ప్లాటినం గుర్తింపు పొందింది. అట్ట మీద సాయంత్రపు సముద్రం, అందులో బండలు, నీళ్లలో వాటి నీడలు కనిపిస్తాయి. దగ్గరికి చూస్తే అవి బండలు కావు, ఒక పిట్ట పాట తాలూకు వేవ్‌ఫార్మ్, అంటే శబ్దం తెరమీద బొమ్మగా కనిపించే రూపం. రోజూ కంప్యూటర్ తెరమీద వేవ్‌ఫార్మ్‌లు చూసేవాళ్లకి అది చూడగానే ఒళ్లు జలదరిస్తుంది.

మొదటి సీడీ పేరు ‘ఎ సీ ఆఫ్ హనీ’. అందులో మూడు పాటలు ఈ కేసుకి కీలకం.

మూడో పాట పేరు కొడుకు పేరే, ‘బర్టీ’. పిల్లాడి మీద ప్రేమని ఏ అలంకారమూ లేకుండా చెప్పేస్తుంది. రాతలో చూస్తే ఎబ్బెట్టుగా అనిపించే ప్రమాదముంది. ఆమె చేసిన పని వాయిద్యాల్లో ఉంది: వయోల్‌లనే పాతకాలపు తంతివాయిద్యాలు, రినైజాన్స్ కాలపు గిటార్. ఆ ధ్వనితో పాట ఒక్కసారిగా నాలుగైదు వందల ఏళ్లు వెనక్కి జరుగుతుంది. ఒక తల్లి తన ఇంటి పిల్లాడి గురించి చెప్పుకుంటున్న మాట, ఎప్పటినుంచో తల్లులందరూ చెప్పుకుంటున్న మాటలా మారుతుంది.

ఇది మన విద్యార్థులకి చాలా తేలిగ్గా అర్థమవుతుంది. మన దగ్గర సొంత బిడ్డని నలుగురిలో పొగడరు, దిష్టి తగులుతుందంటారు. కానీ యశోద పేరు పెట్టి కృష్ణుణ్ణి ఎంత ముద్దుచేసినా ఎవరూ ఏమీ అనరు. మనం దేవుడి పేరుతో తెచ్చుకునే ఆ ఎడాన్ని ఆమె పాత వాయిద్యాలతో తెచ్చుకుంది. పసిబిడ్డ మీద పాట చేస్తానని వచ్చే ప్రతివాళ్లకీ నేను చెప్పే మొదటి మాట ఇదే: ఎడం ఎక్కడినుంచి తెస్తావో ముందు తేల్చుకో. కీబోర్డు మీద తీయగా సాగే ధ్వని (ప్యాడ్) పరిచి, పైన బిడ్డ కేరింతల ఆడియో కలిపితే ఆ ఎడం రాదు.

నాలుగో పాట ‘మిసెస్ బార్టలోట్సీ’. పియానో, గొంతు. విషయం: బురద కాళ్లతో నేలంతా పాడైతే తుడవడం, బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేయడం, అవి తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం. చూస్తూ చూస్తూ ఆ బట్టలు వేసుకునే మనుషుల్లోకి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. అప్పట్లో దీన్ని వింతగా చూసినవాళ్లు చాలామంది. పసిపిల్లాడున్న ఇంట్లో ఎన్ని బట్టలు ఉతకాల్సి వస్తుందో తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. మెషీన్ ముందు నిలబడ్డ ఆ కాసేపే ఆ రోజు మొత్తంలో ఎవరూ పిలవని సమయం. పాట అక్కడే పుట్టడం సహజం.

ఇక ఏడో పాట, మొదటి సీడీలో చివరిది, ‘ఎ కోరల్ రూమ్’. ఆరు నిమిషాలు దాటిన పాట. పియానో, ఆమె గొంతు, ఒకచోట ఒక మగ గొంతు. డ్రమ్స్ లేవు, ఆర్కెస్ట్రా లేదు. సముద్రం అడుగున వలలు కప్పుకున్న ఒక నగరంతో మొదలవుతుంది. పడవ పక్కనుంచి నీళ్లలో చెయ్యి పెట్టమంటుంది, ఏం తగులుతోందని అడుగుతుంది. అంత పెద్ద దృశ్యం నుంచి పాట కుదించుకుంటూ కుదించుకుంటూ ఒక చిన్న గోధుమరంగు కూజా దగ్గరికొస్తుంది. తల్లి కూజా అది. ఒకప్పుడు అందులో పాలు ఉండేవి, ఇప్పుడు జ్ఞాపకాలున్నాయి. పెరటి తలుపులోంచి వస్తుంటే వంటింట్లో నిలబడి తల్లి నవ్వడం వినిపిస్తుంది. మగ గొంతు ఒక పాత తాగుబోతు పాటలోంచి కూజా మీది రెండు మాటలు సరదాగా అంటుంది. ఆ తర్వాత కూజా పడుతుంది.

ఆ కూజా నిజంగానే ఉండేదని ఆమె 2005లో రేడియోలో చెప్పింది.

నేను ఈ పాటని క్లాసులో వినిపించేటప్పుడు ఆపి చూపించేది ఒక్కటే. దుఃఖాన్ని చెప్పే చోట ఆమె గొంతు పెంచదు. ‘మూమెంట్స్ ఆఫ్ ప్లెజర్’లో గుండె బరువెక్కిన చోట స్వరం పైకి వెళ్తుంది. ఇక్కడ అమ్మ అన్న మాట దగ్గర గొంతు దాదాపు మామూలు మాట స్థాయికి వచ్చేస్తుంది. తర్వాత ఒక ఖాళీ. పియానో కూడా తొందరపడదు. తల్లి పోయి అప్పటికి 13 ఏళ్లు. ఈ పాటకి అన్నేళ్లు పట్టిందని నేను అనను. కానీ అంత కాలం దాటిన గొంతు మాత్రమే అంత నెమ్మదిగా ఆ మాట అనగలదని నా నమ్మకం.

ఇక్కడ ఒక పక్క విషయం చెప్పాలి. కేట్ బుష్ తల్లి కాకముందు దశాబ్దం నాడే కాన్పు మీద ఒక పాట రాసింది, ‘దిస్ వుమన్స్ వర్క్’. 1988లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా కోసం రాసిన పాట. కాన్పు కష్టమైనప్పుడు బయట నిలబడ్డ మగవాడి వైపు నుంచి చెబుతుంది. ఎంత గొప్ప పాటంటే, విన్నవాళ్లు అది స్వానుభవం అనుకుంటారు. కాబట్టి తల్లయితేనే తల్లి పాట రాయగలరన్నది నిజం కాదు. కానీ రెండూ పక్కపక్కన వింటే తేడా తెలుస్తుంది. ఊహతో రాసిన పాటలో ప్రాణం మీదికొచ్చిన ఘడియ ఉంది. బతికి రాసిన పాటల్లో బురద కాళ్లు, షర్టులు, పాల కూజా ఉన్నాయి.

రెండో సీడీ పిల్లాడి మాటతో మొదలవుతుంది

రెండో సీడీ ‘ఎ స్కై ఆఫ్ హనీ’ తొమ్మిది భాగాలున్న ఒకే పెద్ద రచన. 42 నిమిషాలు. మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం, రాత్రి, మళ్ళీ తెల్లవారే దాకా. మొదట్లోనే పిట్టల కూతల మధ్య చిన్నపిల్లాడి గొంతు అమ్మనీ నాన్ననీ పిలిచి, పగలంతా పిట్టలతో నిండిపోయిందని చెబుతుంది. అది బర్టీ గొంతే. ఆల్బమ్ వివరాల్లో పిల్లాడి పాత్ర పేరు సూర్యుడు.

ఒక చిత్రకారుడు బొమ్మ వేస్తుంటాడు, వాన వస్తుంది, రంగులు కారిపోతాయి, ఆ కారిన రంగులే సూర్యాస్తమయం అవుతాయి. చివరి పాటలో తెల్లవారుతుంటే ఆమె పిట్టలతో కలిసి పగలబడి నవ్వుతుంది. స్టూడియోలో నవ్వు రికార్డు చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకి తెలుసు. నటిస్తే వెంటనే దొరికిపోతుంది. ఇక్కడ నవ్వు తాళంలో పడుతుంది, పిట్టలకి జవాబు చెబుతుంది, అయినా నవ్వులాగే ఉంటుంది. పీటర్ అర్‌స్కిన్ లాంటి డ్రమ్మర్లు, డానీ మెకింటోష్ గిటార్, రికార్డింగ్ చూసింది డెల్ పామర్. తంతి వాయిద్యాల ఏర్పాటు మళ్ళీ మైకేల్ కేమెన్‌దే. ఆయన 2003 నవంబర్‌లో పోయాడు, ఆల్బమ్ విడుదల చూడలేదు.

రెండు సీడీలని కలిపి చూస్తే నాకు ముఖ్యంగా కనిపించేది వరస. తల్లి మీది పాట మొదటి సీడీ చివర. దాని తర్వాత సీడీ మార్చాలి, అంటే వినేవాళ్లు లేచి వెళ్లాలి. ఆ తర్వాత వినిపించే మొదటి మనిషి గొంతు కొడుకుది. ఈ రెంటి మధ్య ఆమె ఒక్క మాటా చెప్పలేదు. ఏది ఎక్కడ పెట్టిందో చూస్తే చాలు. ఈమధ్య తెరిపి ఇవ్వకుండా యాప్‌లో వరసగా వినేస్తున్నాం కాబట్టి మా విద్యార్థులతో అక్కడ కావాలనే ఆపిస్తాను.

గొంతు సంగతి

దుఃఖంలో గొంతుకి ఏమవుతుందో పాడేవాళ్లందరికీ ఒంటితో తెలుసు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుంటుంది. స్వరపేటిక పైకి లేస్తుంది, నాలుక మొదలు బిగుసుకుంటుంది, ఊపిరి పై పైనే ఆడుతుంది. ఆ స్థితిలో తారస్థాయి అందుకోవాలంటే మెడతో తోయాల్సి వస్తుంది. పది నిమిషాలకే బొంగురు.

కాన్పు తర్వాత సమస్య కింద మొదలవుతుంది. పొట్ట కండరాలు సాగి ఉంటాయి, సిజేరియన్ అయితే కుట్లు. ఊపిరిని పట్టి నెమ్మదిగా వదలడానికి కావలసిన ఆసరా ఉండదు. పాలిచ్చే రోజుల్లో గొంతు పొడిబారుతోందని చాలామంది చెబుతారు. నిద్ర లేకపోవడం సరేసరి. డాక్టరు సరేనన్నాకే నేను సరళీ వరసలు మొదలుపెట్టిస్తాను. అదీ మధ్యస్థాయిలో, కూర్చుని, చిన్న ఊపిరితో.

రెండూ కలిసి వస్తే పైన బిగుతు, కింద ఆసరా లేకపోవడం. ఆ సమయంలో పాత రికార్డు పెట్టుకుని అదే శ్రుతిలో పాడి చూసుకోవడం మహా చెడ్డ పని. వచ్చే ప్రతివాళ్లూ రహస్యంగా చేసేది అదే.

‘ఏరియల్’ వచ్చేనాటికి కేట్ బుష్ వయసు 47. గొంతు కిందికి దిగింది, నిండుగా ఉంది, పందొమ్మిదేళ్ల గొంతుని వెతుక్కోవడం ఎక్కడా వినిపించదు. 2011లో ఇంకో అడుగు వేసింది. ‘డైరెక్టర్స్ కట్’ అనే ఆల్బమ్‌లో 1989, 1993 నాటి తన పాటలనే మళ్ళీ రికార్డు చేసింది. ‘మూమెంట్స్ ఆఫ్ ప్లెజర్’ కూడా వాటిలో ఉంది. ఈసారి శ్రుతి తగ్గించింది, ఆర్కెస్ట్రా తీసేసింది. పల్లవి మాటల్ని పాడకుండా ఒక బృందం చేత హమ్ చేయించింది. పెనుగులాట ఉన్న చోటే మాటలు తీసేసింది. మునుపటిలా అవుతుందా అని అడిగేవాళ్లకి నేను ఈ రెండు రికార్డింగులూ వరసగా వినిపించి, ఏది ఇష్టమో చెప్పమంటాను. కొందరు పాతదే అంటారు. ఫర్వాలేదు. శ్రుతి దించడం ఓటమి అనే టెన్షన్ మాత్రం అక్కడితో పోతుంది.

క్లాసులో ఇది ఎలా వాడాను

మా విద్యార్థి ఒకామె తల్లి పోయిన ఏడాదిలోపే ఆడపిల్లని కంది. పిల్లకి ఏడో నెలలో, తల్లి మీద ఒక పాట రాసుకుని వచ్చింది. వేదిక మీద బాగా పేరున్న అమ్మాయి. పల్లవిలో, చరణంలో, ముక్తాయింపులో అంతటా ‘అమ్మా’ అన్న పిలుపే. ప్రతి పిలుపూ పై షడ్జమం మీద. మొదటి పిలుపుకే గొంతు పట్టేసింది.

“మీ అమ్మగారి వస్తువు ఇంట్లో ఏముందమ్మా?” అని అడిగాను.

చాలాసేపు ఆలోచించి, “ఇత్తడి కాఫీ ఫిల్టర్ ఉందండీ. మూత సరిగ్గా పట్టదు, అయినా పారేయలేదు” అంది. పొద్దున్నే పిల్లకి పాలిస్తూ, అందులోంచి డికాక్షన్ దిగే చుక్కల చప్పుడు వింటూ కూర్చుంటానని చెప్పింది.

పాట అక్కడినుంచి మళ్ళీ రాసింది. ఫిల్టరు, సరిగ్గా పట్టని మూత, చుక్కల లయ. ‘అమ్మ’ అన్న మాట ఒక్కచోటే మిగిలింది, అదీ మంద్రంలో. శ్రుతి రెండు మెట్లు దించాం. తాళం కొట్టే మెట్రోనోమ్ తీసేసి, ఆమె ఊపిరికి తగ్గట్టు వీణ వాయించేవాళ్లని కూర్చోబెట్టాం. ఆ ఒక్క మాట దగ్గర మొదట్లో గొంతు పట్టేసేది. పట్టేసిన రోజు ఆ పాట పక్కనపెట్టి వేరేది పాడించేదాన్ని. కొన్ని వారాలకి ఆ మాట దాటగలిగింది. అప్పుడే రికార్డింగ్ పెట్టాం, పిల్ల నిద్రపోయే మధ్యాహ్నం పూట, వాళ్ల అత్తగారింటి పడగ్గదిలో, బీరువా తలుపులు తెరిచి బట్టల మధ్య మైక్ పెట్టి.

ఇందులో ‘ఏరియల్’ నుంచి వచ్చినవి ఏవో చదివినవాళ్లకి తెలుస్తూనే ఉంది. బాణీలో, రాగంలో ఒక్క స్వరం కూడా అక్కడిది కాదు.

పనికొచ్చేవి, పనికిరానివి

ఈ కేసుని గుడ్డిగా వాడకూడదు. కేట్ బుష్‌కి ఇంట్లో స్టూడియో ఉంది, పాత పాటల రాబడి ఉంది, అడగకుండా ఆగగల కంపెనీ ఉంది, చెప్పకుండానే అర్థం చేసుకునే ఇంజనీరు ఉండేవాడు. పాటకింతని డబ్బు తీసుకునే గాయనికి పన్నెండేళ్లు కాదు కదా, పన్నెండు వారాలు ఆగినా ఆ స్థానంలోకి ఇంకొకరు వచ్చేస్తారు. “నువ్వూ ఆగు” అని చెప్పడం తేలిక, ఆగితే ఇల్లు గడవదు.

అందుకే నేను కాలాన్ని తీసుకోమని చెప్పను, క్రమాన్ని తీసుకోమంటాను. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ముందుగా బయటివాళ్ల పాటలు, కోరస్‌లు, జింగిల్స్, గొంతు మీద బరువు లేనివి. దుఃఖం మీది సొంత పాట రాసుకున్నా సరే, దాన్ని అన్నిటికన్నా చివర రికార్డు చేయాలి. విడుదల కూడా దానితో మొదలుపెట్టకూడదు. ‘ఏరియల్’ నుంచి ముందుగా బయటికొచ్చిన పాట ‘కింగ్ ఆఫ్ ద మౌంటెన్’, అమెరికన్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ గురించి, కీర్తి గురించి. తల్లి పాటని ఆమె ప్రచారానికి వాడలేదు. 2014లో లండన్‌లో 22 రాత్రులు కచేరీ చేసినప్పుడు రెండో సీడీ మొత్తం వేదిక మీద పాడింది, ‘ఎ కోరల్ రూమ్’ మాత్రం ఆ జాబితాలో లేదు. మన దగ్గర ఇప్పుడు ఇంటర్వ్యూ ప్రోమోకి కన్నీళ్లే కావాలి. ఆ ప్రోమోకి ఒప్పుకోవద్దని నేను గట్టిగానే చెబుతాను.

రెండోది, ఇంట్లో చేసే గైడ్ ట్రాక్‌ని, అంటే అసలు రికార్డింగ్‌కి ముందు నమూనాగా పాడి పెట్టుకునేదాన్ని, చిన్నచూపు చూడొద్దు. ఒక మంచి మైక్, దాన్ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్, దుప్పట్లు. పిల్ల లేస్తే ఆపేయొచ్చు. స్టూడియో గంటల లెక్క తలమీద ఉండదు. ఇలా చేసిన గైడ్ ట్రాక్‌లో దొరికిన మాట స్టూడియోలో మళ్ళీ దొరక్కపోతే, గైడ్‌లోదే ఫైనల్‌లో ఉంచమని ఇంజనీరుతో పోట్లాడతాను.

మూడోది పిల్లల గొంతు గురించి. బిడ్డ గొంతుని పాటలో కలపాలని చాలామందికి ఉంటుంది. కలపండి, కానీ ఆ బిడ్డ పెద్దయ్యాక వింటుందని గుర్తుపెట్టుకోండి. బర్టీ గొంతు ఆ ఆల్బమ్‌లో ముద్దు కోసం లేదు, దానికో పాత్ర ఉంది. 2014 కచేరీల్లో అతనే చిత్రకారుడి వేషం వేశాడు, అప్పటికి 16 ఏళ్లు. ఆ కచేరీలకి తనని ఒప్పించింది కొడుకేనని ఆమె చెప్పింది. మొదటి విడుదలలో చిత్రకారుడి గొంతు ఆస్ట్రేలియా టీవీ కళాకారుడు రోల్ఫ్ హారిస్‌ది. ఆడపిల్లలపై లైంగిక దాడుల కేసుల్లో అతనికి 2014లో శిక్షపడింది. 2018లో ఆల్బమ్‌ని రీమాస్టర్ చేసి (ధ్వని సరిదిద్ది) మళ్ళీ తెచ్చినప్పుడు ఆ భాగాలు తీసేసి బర్టీ చేత పాడించారు. ఇప్పుడు దొరికే ‘ఏరియల్’లో పిట్టల గురించి చెప్పే చిన్నపిల్లాడూ, వానలో రంగులు కారిపోయాయని బాధపడే చిత్రకారుడూ ఒకే మనిషి, ఇరవై ఏళ్ల లోపు తేడాతో.

కొత్తగా వినేవాళ్లకి నేను ఆ 2018 ప్రతినే ఇస్తాను. ముందు రెండో సీడీ, పొద్దువాలే వేళ, ఆపకుండా. మొదటి సీడీ ఇంకో రోజు. ‘ఎ కోరల్ రూమ్’ ఎప్పుడు వినాలో వాళ్లకే వదిలేస్తాను. ఈమధ్యే తల్లిని పోగొట్టుకున్నవాళ్లయితే అది ఏడో పాటగా వస్తుందని ముందే చెప్పి పంపిస్తాను.